లైబ్రరీ సంఘాల్లో మెంబర్లు ఎందుకు తగ్గిపోతున్నారు? వైజాగ్ లైబ్రేరియన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లోను, ఇటు అనకాపల్లి అటు విజయనగరం దాకా ఉన్న కాలేజీల్లోను పనిచేసే లైబ్రేరియన్లు, ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో లైబ్రరీ సైన్స్ చదువుతున్న పిల్లలు, కనపడ్డప్పుడల్లా ఫోన్ చేసినప్పుడల్లా కొంచెం అటూ ఇటుగా ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను కాలేజీ లైబ్రేరియన్ని, చాలా ఏళ్ళుగా సంఘం మెంబర్ని, ఇక్కడి మెంబర్ల లిస్ట్ చూసుకునే పని కూడా నాదే. సంఘాలు బతకాలని గట్టిగా కోరుకుంటాను, అది ముందే చెప్పేస్తున్నా, కానీ వాటిల్లో ఉన్న లోపాలు మాత్రం దాచను.

లైబ్రరీ అసోసియేషన్ అంటే యూనియనేనా?

కాదండి. యూనియన్ అంటే జీతం, డీఏ, ట్రాన్స్‌ఫర్లు, మేనేజ్‌మెంట్‌తో బేరం, దానికి విడిగా కార్మిక చట్టం ఉంది. అసోసియేషన్ అంటే వృత్తి కోసం పెట్టుకున్న సొసైటీ, మన రాష్ట్రంలో ఇప్పుడు కొత్తగా పెడితే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తారు. పని ఎలా చెయ్యాలి, కొత్తవాళ్ళకి ఏం నేర్పాలి, లైబ్రరీకి ఎంతమంది స్టాఫ్ కావాలి, ప్రభుత్వం దగ్గరకి వెళ్ళి ఏం అడగాలి, ఇవీ దాని పనులు. దేశం మొత్తానికి ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ ఉంది, 1933లో కలకత్తాలో పుట్టింది. కంపెనీలకీ ఆఫీసులకీ ఉండే స్పెషల్ లైబ్రరీలు, రీసెర్చి సెంటర్ల వాళ్ళకి ఇయాస్లిక్ అనే సంఘం ఉంది, 1955లో మొదలైంది, అదీ కలకత్తాలోనే. మనకి విజయవాడలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం, దాని మూలం 1914లో ఉంది.

జీతం పెంచిస్తారేమో అనుకుని వచ్చి చేరినవాళ్ళు రెండు మీటింగులు చూసి మానేస్తారు. చేర్చుకునేటప్పుడే ఈ తేడా విడమరిచి చెప్పాలి, చాలామంది సెక్రటరీలు చెప్పరు.

నిజంగానే తగ్గారా, పెద్దవాళ్ళు ఊరికే బాధపడుతున్నారా?

తగ్గారు. కానీ లిస్ట్ చూస్తే తెలీదు, అదే అసలు చిక్కు. మన దగ్గర ఎక్కువమంది లైఫ్ మెంబర్లు, ఒక్కసారి కట్టేస్తే పేరు ఎప్పటికీ అలాగే ఉంటుంది, పాత రేషన్ కార్డులో కాలం చేసినవాళ్ళ పేర్లు ఉండిపోయినట్టు. ఎప్పుడో రిటైరై అమెరికాలో పిల్లల దగ్గరకి వెళ్ళిపోయినవాళ్ళు, ఫోన్ నంబర్ మారిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా లెక్కలోనే ఉంటారు. అందుకని జనరల్ బాడీ రిపోర్టులో మెంబర్ల సంఖ్య ఏటా పెరుగుతున్నట్టే కనపడుతుంది, హాల్లో చూస్తే కుర్చీలు ఖాళీ.

మీ సంఘం ఎలా ఉందో తెలియాలంటే మొత్తం సంఖ్య వదిలెయ్యండి. ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో 35 ఏళ్ళ లోపువాళ్ళు ఎంతమందో చూడండి, లిస్ట్‌లో ఉన్న నంబర్లకి ఫోన్ చేస్తే ఎంతమంది ఎత్తుతున్నారో చూడండి, కిందటి జనరల్ బాడీలో హాజరు పుస్తకంలో ఎన్ని సంతకాలున్నాయో చూడండి. ఈ మూడూ చూస్తే నిజం తెలిసిపోతుంది.

బయట దేశాల్లో ఎక్కువగా ఏడాది చందా పద్ధతి కాబట్టి తగ్గితే వెంటనే బయటపడుతుంది. 1876లో పెట్టిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో ఒకప్పుడు 60 వేలు దాటి ఉండేవాళ్ళు, ఈమధ్య 50 వేల దగ్గరకి దిగిపోయారు. కెనడాలో 1946 నుంచి నడిచిన జాతీయ సంఘాన్ని 2016లో మెంబర్లే ఓటు వేసి మూసేసుకున్నారు. 1909లో పెట్టిన స్పెషల్ లైబ్రరీస్ అసోసియేషన్ కూడా 2025లో మూసేస్తున్నామని చెప్పేసింది. అంత పెద్దవే మూతపడ్డాయి కాబట్టి ఇది మనవాళ్ళు ఊరికే పడే బాధ అనడానికి లేదు.

లైఫ్ మెంబర్షిప్ మంచిదే కదా, ఏటేటా కట్టే గొడవ లేదు?

కట్టేవాళ్ళకి మంచిదే, సంఘానికి మాత్రం నెమ్మదిగా నష్టం. లెక్క అర్థం కావడానికి ఒక అంకె చెప్తా. 1990ల మధ్యలో ఒకాయన వెయ్యి రూపాయలు కట్టి లైఫ్ మెంబర్ అయ్యారనుకుందాం. సంఘం ఆ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసింది, అప్పట్లో 12 శాతం దాకా వడ్డీ వచ్చేది కాబట్టి ఏడాదికి 120 రూపాయలు, దాంతో ఆయనకి పత్రిక వేసి పోస్ట్‌లో పంపి ఉత్తరాలు రాసి ఇంకా కొంచెం మిగిలేది. ఇప్పుడు అదే వెయ్యి మీద ఆరు ఏడు శాతం అంటే 60, 70 రూపాయలు, ప్రింటింగూ కాగితం పోస్టేజీ హాలు అద్దె భోజనం అన్నీ ఎన్ని రెట్లు పెరిగాయో మీకు తెలుసు. ఆయన ఇంకో ముప్పై ఏళ్ళు హాయిగా ఉండాలి, ఉంటారు, ఆయన మీద సంఘం పెట్టే ఖర్చు ఏటా పెరుగుతూనే ఉంటుంది, ఆయన నుంచి వచ్చేది మాత్రం పెరగదు.

కొత్తవాళ్ళు చేరుతున్నంతకాలం ఈ లోటు కనపడదు, వాళ్ళు కట్టిన డబ్బుతో పాతవాళ్ళ ఖర్చు నడిచిపోతుంది. చేరికలు ఆగగానే మొదట పత్రిక ఆగిపోతుంది, తర్వాత సెమినార్ ఆగిపోతుంది, అప్పుడు కొత్తవాళ్ళు "వీళ్ళు ఏం చేస్తున్నారని చేరాలి" అంటారు. తప్పు వాళ్ళది కాదు. ఏడాది చందా, తక్కువ మొత్తంలో, ఫోన్‌పేలో కట్టేలా పెట్టి లైఫ్ మెంబర్ల నుంచి కూడా ఏటా ఎంతో కొంత స్వచ్ఛందంగా అడగడం తప్ప దీనికి వేరే దారి నాకు కనపడట్లేదు.

కుర్రవాళ్ళు ఎందుకు చేరట్లేదు? వాళ్ళకి వృత్తి మీద ఆసక్తి లేకనా?

ఈ మాట మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నానో, విన్న ప్రతిసారీ ఒప్పుకోబుద్ధి కాదు. ఆసక్తి లేనివాళ్ళు ఎమ్మెల్ఐఎస్సీ అనే లైబ్రరీ సైన్స్ పీజీ చేసి, అర్హత పరీక్ష నెట్ కోసం మూడు నాలుగుసార్లు రాస్తారా?

మొదటి కారణం ఉద్యోగాలు. ఒక లైబ్రేరియన్ రిటైరైతే ఆ సీట్లోకి రెగ్యులర్ మనిషి రావడం అరుదైపోయింది, గెస్ట్ అనో కాంట్రాక్ట్ అనో అవుట్‌సోర్సింగ్ అనో ఎవరో ఒకర్ని కూర్చోబెడతారు, కొన్నిచోట్ల లెక్చరర్‌కే ఇన్‌ఛార్జి ఇచ్చేస్తారు. పదకొండు నెలల కాగితం మీద పనిచేసే అమ్మాయి వచ్చే జూన్‌లో ఇదే పనిలో ఉంటుందో లేదో ఆమెకే తెలీదు, అలాంటామెని లైఫ్ మెంబర్షిప్ తీసుకోమ్మా అంటే ఏమంటుంది? జీవితకాలం ఆ వృత్తిలో ఉంటానన్న నమ్మకం ఉంటే కదా జీవిత సభ్యత్వం. పర్మనెంట్ ఉద్యోగం చేసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసుకున్న బైలాలు (సంఘం నియమాలు) ఇవి, ఆ ఉద్యోగాలే తగ్గిపోతే మెంబర్లు ఎక్కడ నుంచి వస్తారు.

రెండోది మీటింగులు. పదింటికి అని కార్డులో ఉంటుంది, ముఖ్య అతిథి పదకొండున్నరకి వస్తారు, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదున్న అందరికీ పరిచయం, అందరికీ శాలువాలు, ఒక్కొక్కరి ప్రసంగం, ఒంటిగంటన్నరకి భోజనాలు. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కుర్రాడు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో బార్‌కోడ్ ప్రింటింగ్ ఎలా సెట్ చేసుకోవాలో తెలుసుకుందామని వచ్చాడు, ఆ సెషన్ భోజనం తర్వాత ఉంటుంది, అప్పటికి హాల్లో సగం మంది వెళ్ళిపోయి ఉంటారు, చెప్పే ఆయన్ని పావుగంటలో ముగించమంటారు. ఆ కుర్రాడు మళ్ళీ రాడు. వస్తే ఆశ్చర్యపోవాలి.

ఇంకోటి ఆడవాళ్ళ సంగతి. ఇప్పుడు మన లైబ్రరీల్లో, క్లాసుల్లో కూడా అమ్మాయిలు చాలామంది, కార్యవర్గాల్లో చూస్తే ఒకరో ఇద్దరో, అదీ జాయింట్ సెక్రటరీ దగ్గర ఆగిపోతారు. ఆదివారం రోజంతా మీటింగ్ అంటే ఇల్లు చూసుకునే మనిషికి ఎంత కష్టమో ఆలోచించి టైమ్ పెట్టేవాళ్ళు తక్కువ.

వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి, వెబినార్లు ఫ్రీ, ఇంక సంఘం ఎందుకు?

వాట్సాప్ గ్రూపుల్ని తక్కువ చెయ్యను, నోటిఫికేషన్ పడిన ఐదు నిమిషాల్లో అందరికీ తెలుస్తోంది, ఒక ఆర్టికల్ కావాలని పెడితే గంటలో ఎవరో ఒకరు పంపిస్తున్నారు, ఇదివరకు పత్రిక వచ్చేదాకా ఆగాల్సిన సమాచారం ఇది. 2020 తర్వాత వెబినార్లకి లోటే లేదు. సంఘం ఇచ్చే సమాచారం కోసం డబ్బు కట్టాల్సిన అవసరం తీరిపోయింది, అది ఒప్పుకోవాలి.

గ్రూపు చెయ్యలేనివి వేరే ఉన్నాయి. గ్రూపు కలెక్టర్ గారికి వినతిపత్రం ఇవ్వలేదు, ఇచ్చినా ఎవరి తరఫున అని అడిగితే జవాబు లేదు. సిలబస్ మారుస్తున్నప్పుడు యూనివర్సిటీ వాట్సాప్ గ్రూపుని పిలవదు. అడ్మిన్‌కి కోపం వస్తే మనల్ని తీసెయ్యొచ్చు, సెక్రటరీకి కోపం వస్తే జనరల్ బాడీలో నిలబడి అడగొచ్చు. మూడేళ్ళ కింద ఎవరు ఏం చెప్పారో గ్రూపులో వెతకడం అయ్యే పని కాదు, సంఘంలో మినిట్స్ పుస్తకం ఉంటుంది.

మా కాలేజీలో లైబ్రరీకి నేనొక్కదాన్నే. నాకు సంఘం వల్ల ఏం ఉపయోగం?

అసలు మీలాంటివాళ్ళకే ఎక్కువ అవసరం, ఈ పేజీలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా ఇదే. ఫిజిక్స్ లెక్చరర్‌కి డౌట్ వస్తే పక్క కుర్చీలో ఇంకో ఫిజిక్స్ లెక్చరర్ ఉంటారు. లైబ్రేరియన్‌కి మొత్తం కాలేజీలో తన పని తెలిసిన మనిషి ఇంకొకరు ఉండరు. ప్రిన్సిపాల్‌కి తెలీదు, ఆఫీసు చూసే ఏవోకి తెలీదు, ఆడిటర్‌కి అసలు తెలీదు. సంఘం లేకపోతే మనకి స్టాఫ్ రూమ్ అంటూ లేదు.

ఒక సంగతి చెప్తాను. ఇక్కడే ఒక ప్రైవేట్ కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే పుస్తకాలన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకునేటప్పుడు, నలభై దాకా పుస్తకాలు కనపడలేదు. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబర్ వేసి రాసే యాక్సెషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని ర్యాకులన్నీ రెండుసార్లు చూసుకుంది, డిపార్ట్‌మెంట్లకి వెళ్ళి బీరువాలు తీయించింది, ఐనా దొరకలేదు. వాటి ఖరీదు జీతంలో కోస్తామన్నారు. ఆమె ఎవర్ని అడగాలో తెలీక నాకు ఫోన్ చేసింది, నేను మెంబర్ల లిస్ట్ తీసి కేంద్ర ప్రభుత్వ సంస్థలో లైబ్రరీ ఆఫీసర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన నంబర్ ఇచ్చాను.

ఆయన మొదట అడిగింది, "అమ్మా, కిందటేడు మొత్తం ఎన్ని ఇష్యూ చేశారు, రిజిస్టర్ చూసి చెప్పు" అని. దగ్గర దగ్గర పన్నెండు వేలు సర్ అంది. "సరే, రాసుకో. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017, రూల్ 215. ఏడాదిలో ఇష్యూ అయినవి, చదవడానికి తీసినవి కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోతే అది సహజ నష్టం కిందే లెక్క, నిజాయితీ లోపమో నిర్లక్ష్యమో లేకపోతే. పన్నెండు వేలకి అరవై దాకా సమ్మతమే. వెయ్యి రూపాయల పైన ఖరీదు ఉన్నవి, అరుదైనవి మాత్రం ఎలా పోయాయో విచారించాలి, అవి ఉన్నాయేమో విడిగా రాసుకో."

ఆ రూల్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి, ప్రైవేట్ కాలేజీ పాటించి తీరాలని లేదు, ఆయన ఆ మాట కూడా చెప్పారు. ఐనా చేతిలో ఒక కాగితం ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడానో ప్రిన్సిపాల్ రూమ్‌లో ఒంటరిగా నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది. ఆమె ఆ రూల్ జత చేసి లెటర్ పెట్టింది, జీతం కొయ్యలేదు. అదే రూల్‌లో ఇంకోటి కూడా ఉంది, 20 వేల పుస్తకాల లోపు లైబ్రరీలో ఏటా మొత్తం వెరిఫికేషన్, 20 నుంచి 50 వేల దాకా ఐతే మూడేళ్ళకోసారైనా, 50 వేలు దాటితే మూడేళ్ళ లోపు శాంపిల్ చూస్తే చాలు. ఇది తెలీక ప్రతి ఎండాకాలం మొత్తం ర్యాకులు ఒంటిచేత్తో దింపి ఎక్కించేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమందో.

ఆమె అప్పటికి మెంబర్ కాదు. ఆ పెద్దాయన ఎవరో మనకి తెలిసింది మాత్రం సంఘం ఉండబట్టే.

పాతరోజుల్లో అంతమంది ఎలా వచ్చేవాళ్ళు?

అప్పుడు వచ్చినవాళ్ళందరూ లైబ్రేరియన్లు కారు, తేడా అక్కడ ఉంది. మన విశాఖలోనే 1886లో మంతిన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయం పెట్టారు, ఆయన స్కూలు మేష్టారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వెంకట నరసింహశాస్త్రి గార్లు దాన్ని నడిపారు. ప్లీడర్లు, టీచర్లు, రైతులు, స్వాతంత్ర్య ఉద్యమంలో తిరిగేవాళ్ళు, అందరూ ఊళ్ళో లైబ్రరీ ఉండాలని వచ్చినవాళ్ళే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపులివర్రు దగ్గర కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారు, పుస్తకం కోసం జనం గట్టు మీదకి వచ్చేవారు. అయ్యంకి గారికి 1972లో పద్మశ్రీ వచ్చేనాటికి కూడా ఆయన్ని ఊరూరా పాఠకులు ఎరుగుదురు.

అదే 1935లో ఆంధ్రా యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ డిప్లొమా మొదలైంది, దేశంలో యూనివర్సిటీలు ఇచ్చిన తొలి కోర్సుల్లో అదొకటి, మన ఊరు దానికి గర్వపడాలి. చదువు వచ్చాక వృత్తి నిలబడింది, జీతాలూ స్కేళ్ళూ వచ్చాయి. అయితే సంఘాలు మెల్లిగా డిగ్రీ ఉన్నవాళ్ళవే అయిపోయాయి, పాఠకులు పక్కకి వెళ్ళిపోయారు. పోస్టులు ఉన్నన్నాళ్ళు ఫరవాలేదు, పోస్టులు తగ్గేసరికి బయట నుంచి వచ్చి నిలబడేవాళ్ళు లేరు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి రోజూ వచ్చే పెద్దవాళ్ళనీ, కాంపిటీటివ్ పరీక్షలకి చదువుకునే పిల్లల్నీ చూడండి, వీళ్ళలో ఎవర్నైనా లైబ్రరీ సంఘం మెంబర్‌గా రమ్మని అడిగిందా? బైలాస్‌లో పాఠకులకి అసోసియేట్ మెంబర్షిప్ పెట్టాలని నేను ఎప్పట్నుంచో అంటున్నాను.

బయట దేశాల్లోనూ తగ్గుతుంటే ఇక్కడ మనం చేసేదేముంది?

కారణాలు ఒకటి కాదు కాబట్టి చేసేదీ ఒకటి కాదు. అమెరికాలో చందాలు భారం, రాజకీయాలు కూడా వచ్చి పడ్డాయి, 2023లో మోంటానా రాష్ట్ర లైబ్రరీ కమిషన్ అక్కడి జాతీయ సంఘం నుంచి బయటికి వచ్చేసింది. బ్రిటన్‌లో 1877 నాటి లైబ్రరీ అసోసియేషన్, 1958 నాటి ఇన్ఫర్మేషన్ సైంటిస్టుల సంస్థ కలిసి 2002లో సిలిప్‌గా మారాయి. కెనడాలో పాతదాన్ని మూసి, సంఘాలే మెంబర్లుగా ఉండే ఫెడరేషన్ పెట్టుకున్నారు. మనది పోస్టుల సమస్య, దానికి మందు మనమే వెతుక్కోవాలి.

పోస్టుల విషయంలో సంఘం ఏం చెయ్యగలదు?

పబ్లిక్ లైబ్రరీల సంగతి తీసుకుందాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ కడుతున్నాం. ఇంటికి ఏడాదికి 5 వేలు పన్ను ఐతే దాని మీద ఇంకో 400 లైబ్రరీకి అదనంగా కట్టినట్టు. మద్దిలపాలెంలో ఫ్లాట్ ఉన్నవాళ్ళూ గాజువాకలో ఇల్లు ఉన్నవాళ్ళూ అందరూ కడుతున్నారు, చాలామందికి కడుతున్నట్టే తెలీదు. వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ, మధ్యలో డబ్బు చేతులు మారాలి, ఆ మారే దగ్గరే బకాయిలు పడడం చాన్నాళ్ళుగా ఉన్న జబ్బు.

ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఎన్ని పోస్టులు ఖాళీ అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. కానీ అక్కడ పనిచేసే ఉద్యోగి తన పేరు మీద అడగగలడా? కాంట్రాక్ట్ మనిషి అసలు నోరెత్తగలదా? ఆ అర్జీ మీద సంఘం మెంబర్ ఎవరైనా సంతకం పెట్టొచ్చు, వచ్చిన జవాబు పట్టుకుని సంఘం తరఫున ఎమ్మెల్యే దగ్గరకీ పేపర్‌కీ వెళ్ళొచ్చు. పదిమందిలో ఒకరిగా అడిగే అవకాశం అన్నమాట. ఇప్పుడున్న సంఘాలు ఈ పని చేస్తున్నాయా అంటే చాలాచోట్ల లేదు, ఆగస్టు 12న మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడు రంగనాథన్ గారి జయంతి, నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేసి ఊరుకుంటున్నాయి. ఆ రెండూ చెయ్యాల్సిందే, ఈ లెక్క అడగడం కూడా ఆ వారంలోనే చేస్తే ఎంత బావుంటుంది.

మెంబర్షిప్ ఉంటే ఉద్యోగానికో ప్రమోషన్‌కో పనికొస్తుందా?

నేరుగా పనికిరాదు. లాయర్లకి బార్ కౌన్సిల్, డాక్టర్లకి మెడికల్ కమిషన్ ఉన్నట్టు మనకి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు, మెంబర్ కాకపోయినా లైబ్రేరియన్‌గా చెయ్యొచ్చు. ఎవరైనా మెంబర్షిప్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వస్తుందని చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

ఎప్పుడూ ఆ పదిమందే కార్యవర్గంలో ఉంటారు, ఇంక మేమెందుకు?

ఈ కోపం న్యాయమైంది. నాకు తెలిసిన ఒక సంఘంలో ఎన్నికలంటే ముందు రోజు రాత్రి ఫోన్లలో ప్యానెల్ ఖాయం చేసుకుని పొద్దున్న చేతులెత్తించడమే, నోటీసు సగం మందికి అందదు కూడా. ఇలాంటిచోట పెద్దగా గొడవ పడక్కర్లేదు, మూడు కాగితాలు అడిగితే చాలు. బైలాస్ కాపీ, కిందటేడు ఆడిట్ అయిన లెక్కలు, రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైల్ చేసిన కార్యవర్గం జాబితా. సొసైటీ ఐనప్పుడు ఇవి ఉండి తీరాలి. మర్యాదగా, రాతపూర్వకంగా, పదిమంది మెంబర్లు కలిసి అడగండి. పెద్దవాళ్ళని అవమానించక్కర్లేదు, వాళ్ళలో చాలామంది సొంత డబ్బు పెట్టి ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళే, తర్వాత తీసుకునేవాళ్ళు రాక అలాగే ఉండిపోయారు.

మరి వైజాగ్‌లో ఏం చేస్తే మెంబర్లు పెరుగుతారు?

ఈ ఊరికి ఉన్న బలం ఏంటంటే ఎన్ని రకాల లైబ్రరీలో. ఏయూలో డాక్టర్ వీఎస్ కృష్ణా లైబ్రరీ ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నాటిది, స్టీల్ ప్లాంట్, నేవీ పరిశోధనలు చేసే ఎన్ఎస్‌టీఎల్, ఐఐఎం, గీతం, ఫిషరీస్ రీసెర్చి, ఇంజినీరింగ్ కాలేజీలు, జిల్లా గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, అన్నీ ఒక్క ఊళ్ళో. వీళ్ళు ఒకరికొకరు తెలీదు, అదొక్కటే లోటు.

మీటింగ్ రెండు గంటలు చాలు, సాయంత్రం ఐదున్నర తర్వాత, ప్రతిసారీ ఒక్కో లైబ్రరీలో. గాజువాక వాళ్ళని ఎప్పుడూ మధురవాడ రమ్మంటే రారు, ఒకసారి అటు ఒకసారి ఇటు పెట్టాలి, ఏదీ కుదరకపోతే ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో, ఎందుకంటే బయట ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు అక్కడే దిగుతారు. శాలువాలు వద్దు. ఒక్క సమస్య తీసుకోవాలి, అది చేసినవాళ్ళు ల్యాప్‌టాప్‌లో చేసి చూపించాలి. కోహాలో బ్యాకప్ తీసుకోవడం కావచ్చు, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళు వస్తే ఏ రిజిస్టర్లు ముందు పెట్టాలో కావచ్చు, 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన, కేంద్రమే జర్నల్స్‌కి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో మన కాలేజీకి వచ్చే జర్నల్స్ పిల్లలకి ఎలా చూపించాలో కావచ్చు.

కాంట్రాక్ట్ వాళ్ళకీ చదువుకునే పిల్లలకీ చందా నామమాత్రంగా ఉండాలి, ఓటు హక్కు మాత్రం పూర్తిగా ఉండాలి. డబ్బు తక్కువ కట్టారు కాబట్టి ఓటు లేదంటే వాళ్ళు ఎందుకు వస్తారు. కార్యవర్గంలో సగం సీట్లు ఆడవాళ్ళకి. లిస్ట్‌లో ఉన్న ప్రతి నంబర్‌కీ ఒకసారి ఫోన్ చేసి సరిచెయ్యడం, ఇది మాత్రం వెంటనే మొదలుపెట్టాల్సిన పని, సంఖ్య సగానికి పడిపోయినా భయపడకూడదు.

చేరాలనుకుంటున్నా. ఏ సంఘంలో చేరమంటారు, మొదట ఏం చెయ్యాలి?

అన్నిట్లోనూ చేరక్కర్లేదు. ముందు మీ ఊళ్ళో మనుషులు కలిసే సంఘం ఏదైతే అందులో ఏడాది చందాతో చేరండి, లైఫ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. రీసెర్చి సంస్థలో ఉన్నవాళ్ళు జాతీయ స్థాయి సంఘం కూడా చూసుకుంటే మంచిది.

డబ్బు కట్టగానే రసీదు తీసుకోండి. తర్వాత సెక్రటరీ గారిని మీలాంటి లైబ్రరీలోనే పనిచేసే ఇద్దరు మెంబర్ల నంబర్లు ఇమ్మనండి, మీరు ఇంజినీరింగ్ కాలేజీ ఐతే ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళవి, శాఖా గ్రంథాలయం ఐతే శాఖా గ్రంథాలయం వాళ్ళవి. ఆ వారంలోనే ఒకసారి ఫోన్ చేసి పరిచయం చేసుకోండి, వీలైతే వాళ్ళ లైబ్రరీకి వెళ్ళి యాక్సెషన్ రిజిస్టర్ ఎలా రాస్తున్నారో, బైండింగ్‌కి పంపేవి ఎలా లెక్క పెట్టుకుంటున్నారో చూసి రండి, మీ దగ్గరకి కూడా వాళ్ళని రమ్మనండి.